కంప్యూటర్ ల్యాబ్‌లో వేయాన్ పెట్టడం ఎలా: పాఠం సాగాలి, పిల్లల గోప్యత నిలవాలి

ల్యాబ్‌లో పిల్లల స్క్రీన్‌లు టీచర్ సిస్టమ్‌లో కనపడేలా చేయడం గంట పని. పిల్లల పాస్‌వర్డ్‌లు, మెయిళ్ళు, దరఖాస్తుల జోలికి పోకుండా అదే పని చేయాలంటే ఒక పూట పడుతుంది. ఆ పూటలో ఏ పని ముందు, ఏ పని వెనక అన్నదే ఇక్కడ చెబుతున్నాం.

ఇక్కడ తీసుకున్నది వేయాన్ అనే ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. పిల్లల స్క్రీన్‌లను టీచర్ సిస్టమ్‌లో చిన్న చిన్న గడులుగా చూపించేది ఇదే. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. ఇంటర్నెట్‌లో ఎక్కడో ఉన్న సర్వర్‌తో పని లేదు, ల్యాబ్ లోపలి నెట్‌వర్క్ చాలు. కొట్టిన కీలను రాసిపెట్టదు, వెబ్‌క్యామ్ తెరవదు, స్క్రీన్‌ను వీడియో తీయదు. మామూలు బడికి ఇంతకు మించి అక్కర్లేదు. మీ దగ్గర 20 నుంచి 40 వరకు విండోస్ సిస్టమ్‌లు, టీచర్‌కు వేరే సిస్టమ్ ఉన్నాయనుకుని రాస్తున్నాం. స్క్రీన్ మీద ఇంగ్లిష్‌లో కనపడే మెనూ పేర్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఇచ్చాం.

1. ఇన్‌స్టాల్‌కు ముందు ఒక పేజీ కాగితం

డౌన్‌లోడ్ తర్వాతి సంగతి, ముందు కాగితం. హెడ్‌మాస్టర్, కంప్యూటర్ టీచర్, ల్యాబ్ ఇన్‌ఛార్జి కూర్చుని ఈ అయిదింటికీ ఒక్కో వాక్యంలో జవాబు రాయండి.

☐ స్క్రీన్‌లు ఎవరు చూస్తారు? పేర్లతో రాయండి. "సిబ్బంది" అని రాస్తే అందరూ చూస్తారు.
☐ ఎప్పుడు చూస్తారు? ల్యాబ్ పీరియడ్‌లోనే.
☐ దేనికి చూస్తారు? పాఠం నడపడానికి, పిల్లల భద్రతకు.
☐ ఏ డేటా సేవ్ చేసి దాస్తారు? ఇక్కడ "ఏమీ దాచం" అని రాయగలిగితే సగం తలనొప్పి పోయినట్టే.
☐ పిల్లలకు, తల్లిదండ్రులకు ఎలా చెబుతారు?

ఈ కాగితం చట్టం కోసం కూడా. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 ప్రకారం 18 ఏళ్ళు నిండనివారంతా పిల్లలే. అంటే ఇంటర్ విద్యార్థుల్లో చాలామంది కూడా ఈ లెక్కలోకే వస్తారు. ఆ చట్టంలోని 9వ సెక్షన్ పిల్లల డేటా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. పిల్లలను ట్రాక్ చేయడాన్నీ, వాళ్ళ ప్రవర్తన మీద నిఘా పెట్టడాన్నీ నిషేధిస్తుంది. 2025 నవంబరులో వచ్చిన నియమాల నాలుగో షెడ్యూల్ విద్యాసంస్థలకు దీని నుంచి మినహాయింపు ఇచ్చింది. అయితే అది రెండు పనులకే: ఆ సంస్థ విద్యా కార్యకలాపాలు, చేరిన పిల్లల భద్రత. డేటా సేకరించే సంస్థల మీద పడే ప్రధాన బాధ్యతలు నియమాలు వచ్చిన 18 నెలలకు, అంటే 2027లో అమల్లోకి వస్తాయి. పిల్లల డేటా విషయంలో తప్పితే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా పోవచ్చు.

"బడికి మినహాయింపు ఉంది కదా, ఏమైనా చూడొచ్చు" అనే మాట కొందరు సాఫ్ట్‌వేర్ అమ్మకందార్ల నోట వినపడుతుంటుంది. ఆ రెండు పనుల గీత దాటితే మినహాయింపు లేదు. పిల్లవాడు సాయంత్రం ఇంట్లో ఏం చూశాడన్నది పాఠం కిందికి రాదు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. సేకరించిన డేటానూ లాగ్‌లనూ (వాడకం నమోదులనూ) కనీసం ఏడాది ఉంచాలని అవే నియమాలు చెబుతున్నాయి. అంటే పిల్లవాడి స్క్రీన్‌షాట్ ఒకటి తీశారంటే దాన్ని భద్రంగా దాచే బరువు కూడా నెత్తిన పడ్డట్టే. అందుకే కింది అమరికలో స్క్రీన్‌షాట్ బటన్‌నే తీసేస్తున్నాం.

2. ల్యాబ్‌ను సిద్ధం చేయడం

చాలా బడుల్లో గోప్యత పోయేది మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ వల్ల కాదు, కింది నాలుగు పనులూ చేయకపోవడం వల్ల.

అడ్రస్‌లు. ప్రతి సిస్టమ్‌కూ మారని ఐపీ ఇవ్వండి. రౌటర్ 192.168.10.1, టీచర్ 192.168.10.10, పిల్లలవి 192.168.10.101 నుంచి మొదలైతే గుర్తుంటుంది. రౌటర్ తనంతట తాను పంచే అడ్రస్‌ల వరసలో ఈ నంబర్లు లేకుండా చూసుకోండి. ఐపీ మారితే జరిగేది చిన్న పొరపాటేమీ కాదు: 7వ నంబరు గడిలో 12వ సిస్టమ్ స్క్రీన్ కనపడుతుంది, గేమ్ ఆడని పిల్ల తిట్లు తింటుంది.

పేర్లు. ఒక హార్డ్‌డిస్క్‌ను క్లోన్ చేసి అన్నింటికీ ఎక్కించి ఉంటే అన్నింటి పేరూ ఒకటే ఉంటుంది. ఒక్కోదానికీ వేరే పేరు పెట్టి, అదే పేరు మానిటర్ అంచున స్టిక్కర్ మీద రాయండి.

అకౌంట్‌లు. పిల్లల అకౌంట్ "స్టాండర్డ్" రకం. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ల్యాబ్ ఇన్‌ఛార్జి దగ్గరే ఉండాలి. రోజూ పాఠం చెప్పే టీచర్ అకౌంట్ కూడా స్టాండర్డే కావాలి. ఎందుకో 6వ మెట్టులో తెలుస్తుంది. యూజర్‌ను మార్చేటప్పుడు "స్విచ్ యూజర్" వాడితే ముందు పిల్లవాడి సెషన్ వెనక నడుస్తూనే ఉంటుంది. సైన్ అవుట్ అలవాటు చేయండి.

బ్రౌజర్. అందరికీ ఒకే "స్టూడెంట్" అకౌంట్ ఉంటే, పొద్దున తొమ్మిదో తరగతి పిల్ల తెరిచిన జీమెయిల్ మధ్యాహ్నం పదో తరగతి పిల్లవాడికి తెరిచే ఉంటుంది. ఎడ్జ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ పేజీలో "మూసిన ప్రతిసారీ ఏం తుడవాలి" అన్నచోట కుకీలు, పాస్‌వర్డ్‌లు, హిస్టరీ అన్నీ ఆన్ చేయండి. క్రోమ్ వాడితే పిల్లల అకౌంట్‌లో గెస్ట్ మోడ్ (మూయగానే అన్నీ చెరిగిపోయే పద్ధతి) మాత్రమే తెరుచుకునేలా పాలసీ, అంటే అడ్మినిస్ట్రేటర్ నియమం, పెట్టండి. పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోవాలా అని అడిగే సౌకర్యాన్ని పూర్తిగా ఆపేయండి.

రీస్టార్ట్ చేయగానే పాత స్థితికి తెచ్చే ఫ్రీజ్ సాఫ్ట్‌వేర్ మీ ల్యాబ్‌లో ఉంటే, ఇకపై చేసే పనులన్నీ దాన్ని తీసి చేయాలి. మర్చిపోతే మర్నాడు పొద్దున అంతా మొదటికొస్తుంది.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. వేయాన్ దానిలోనూ నడుస్తుంది గానీ, పాత సిస్టమ్‌లను ఆఫీసు నెట్‌వర్క్ నుంచి విడిగా ఉంచడం మంచిది.

3. ఇన్‌స్టాల్: ఎక్కడ ఏ భాగం

వేయాన్ అధికారిక సైట్ నుంచే డౌన్‌లోడ్ చేయండి. అన్ని సిస్టమ్‌లలోనూ ఒకే వెర్షన్ ఉండాలి.

వేయాన్‌లో రెండు భాగాలు: స్క్రీన్‌ను చూపించే "సర్వీస్", ఆ స్క్రీన్‌లను చూసే "మాస్టర్". టీచర్ సిస్టమ్‌లో రెండూ వేయండి. పిల్లల సిస్టమ్‌లలో సర్వీస్ ఒక్కటే. భాగాలు ఎంచుకునే తెరలో "వేయాన్ మాస్టర్" పక్కన టిక్ తీసేయాలి. నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోతే పిల్లల సిస్టమ్‌లో కూడా మాస్టర్ దిగిపోతుంది. తాళంచెవి (4వ మెట్టులో వచ్చే కీ ఫైల్) లేనంతవరకు దానితో పని జరగదు, కానీ తలుపు దగ్గర తాళం కప్ప చూపించి పిల్లలను ఊరించడం దేనికి?

ఇన్‌స్టాల్ అయ్యాక ఒకసారి రీస్టార్ట్ చేయండి. విండోస్‌లో నెట్‌వర్క్ రకం "పబ్లిక్" అని ఉంటే "ప్రైవేట్"కు మార్చండి.

4. తాళంచెవులు: మొత్తం అమరికలో అసలు పని

వేయాన్ సెట్టింగ్స్ మార్చే ప్రోగ్రామ్ అయిన వేయాన్ కాన్ఫిగరేటర్ తెరిచి అథెంటికేషన్ (చూసేవారికి హక్కు ఉందో లేదో సరిచూడటం) పద్ధతిగా "కీ ఫైల్" ఎంచుకోండి. దీనికి రెండు కీలు: ప్రైవేట్ కీ టీచర్ సిస్టమ్ దాటదు, పబ్లిక్ కీ ప్రతి పిల్లల సిస్టమ్‌కూ వెళ్తుంది.

టీచర్ సిస్టమ్‌లో:

అ. విండోస్ కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌లో "లోకల్ యూజర్స్ అండ్ గ్రూప్స్" తెరిచి ఒక కొత్త గ్రూపు పెట్టండి. కాగితంలో రాసిన పేర్లవాళ్ళ అకౌంట్‌లనే అందులో చేర్చండి. విండోస్ హోమ్ ఎడిషన్‌లో ఈ తెర ఉండదు. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి "నెట్ లోకల్‌గ్రూప్" కమాండ్‌తో చేయాలి.

ఆ. కాన్ఫిగరేటర్‌లో "అథెంటికేషన్ కీస్" పేజీకి వెళ్ళి కొత్త కీ జత సృష్టించండి. పేరులో ఇంగ్లిష్ అక్షరాలే వాడండి, ఖాళీలు వద్దు.

ఇ. ప్రైవేట్ కీని ఎంచుకుని "సెట్ యాక్సెస్ గ్రూప్" నొక్కి, ఇందాకటి గ్రూపును పెట్టండి.

ఈ. పబ్లిక్ కీని ఎంచుకుని పెన్‌డ్రైవ్‌లోకి ఎగుమతి చేయండి. ఎంచుకున్నది పబ్లిక్ అవునా కాదా రెండుసార్లు చూడండి.

ఉ. టీచర్ ఒకసారి సైన్ అవుట్ చేసి మళ్ళీ రావాలి. గ్రూపులో చేరిన సంగతి విండోస్‌కు మళ్ళీ సైన్ ఇన్ చేసినప్పుడే తెలుస్తుంది.

ప్రతి పిల్లల సిస్టమ్‌లో అదే పేజీ తెరిచి పబ్లిక్ కీని దిగుమతి చేసి "అప్లై" నొక్కండి. కీ పేరు రెండు వైపులా ఒకటే ఉండాలి. అక్షరం తేడా వచ్చినా అథెంటికేషన్ కుదరదు.

తరచూ జరిగే తప్పు: కీల ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి అన్ని సిస్టమ్‌లకూ ఎక్కించడం. అలా చేస్తే ప్రైవేట్ కీ కూడా వెళ్ళిపోతుంది. అది చేతికి చిక్కిన పిల్లవాడు సొంత ల్యాప్‌టాప్‌లో మాస్టర్ వేసుకుని బడి నెట్‌వర్క్‌లో కలిస్తే తోటివాళ్ళ స్క్రీన్‌లన్నీ చూడగలడు. దీనికి ఒక్కటే మందు: ఆ కీ జతను అన్నిచోట్లా తీసేసి, కొత్త పేరుతో కొత్త జత చేయాలి. ఆ ఫైల్‌ను వెతికి డిలీట్ చేశాం కదా అని ఊరుకోకండి, కాపీ ఎంతమంది దగ్గర ఉందో తేలదు.

5. సిస్టమ్‌ల జాబితా

టీచర్ సిస్టమ్ కాన్ఫిగరేటర్‌లో "లొకేషన్స్ అండ్ కంప్యూటర్స్" పేజీలో ముందు ల్యాబ్ పేరుతో లొకేషన్, దాని కింద ఒక్కో సిస్టమ్ పేరు, ఐపీ చేర్చండి. పేరుగా స్టిక్కర్ మీదున్నదే రాయండి. పిల్లల పేర్లు, రోల్ నంబర్లు ఇక్కడ రాయొద్దు. కూర్చునే చోటు రోజూ మారుతుంది, పాత పేరు అక్కడే ఉండిపోతుంది.

6. ఏం కనపడాలి, ఏ బటన్‌లు ఉండకూడదు

పిల్లల సిస్టమ్‌ల కాన్ఫిగరేటర్‌లో, సర్వీస్ పేజీలో:

☐ "హైడ్ ట్రే ఐకాన్" దగ్గర టిక్ ఉండకూడదు. వేయాన్ నడుస్తోందని గడియారం పక్కన కనపడాలి.
☐ ఎవరైనా కనెక్ట్ అయినప్పుడు నోటిఫికేషన్ చూపించే ఎంపిక ఆన్.
☐ అథెంటికేషన్ విఫలమైన ప్రయత్నాలకు కూడా నోటిఫికేషన్ ఆన్. ఎవరో తాళం తిప్పి చూస్తున్నారని తెలిసేది దీనివల్లే.

టీచర్ సిస్టమ్‌లో, మాస్టర్ పేజీ "ఫీచర్స్" భాగంలో ఎడమ వైపు నుంచి కుడి వైపుకు, అంటే ఆపేసిన జాబితాలోకి, పంపాల్సినవి:

☐ స్క్రీన్‌షాట్
☐ రిమోట్ కంట్రోల్ (పిల్లల సిస్టమ్‌ను టీచర్ తన చోటి నుంచే నడపడం)
☐ పాస్‌వర్డ్‌తో దూరం నుంచి లాగిన్ చేసే ఫీచర్

ఉంచాల్సినవి: స్క్రీన్ లాక్, డెమో (ఒకరి స్క్రీన్‌ను క్లాసుకంతా చూపడం), టెక్స్ట్ మెసేజ్, రిమోట్ వ్యూ (ఒక్క సిస్టమ్ స్క్రీన్‌ను పెద్దదిగా చూడటం), సైన్ అవుట్, షట్‌డౌన్. రిమోట్ కంట్రోల్ లేకపోతే ఎలా అని టీచర్లు అడుగుతారు. ల్యాబ్ గది ఒకటే, పిల్లవాడు అయిదడుగుల్లో ఉంటాడు. లేచి వెళ్ళి చూపిస్తేనే వాడికీ వస్తుంది. పైగా కంట్రోల్ ఉంటే పిల్లవాడి పేరుతో టీచర్ టైప్ చేసే వీలుంటుంది, రేపు ఏదైనా గొడవ వస్తే ఎవరు కొట్టారో తేలదు.

గడి మీద డబుల్ క్లిక్ చేస్తే ఏం జరగాలో కూడా మాస్టర్ సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. రిమోట్ వ్యూ పెట్టండి. గడుల సైజును కింది స్లైడర్‌తో తగ్గించండి: ఏ ప్రోగ్రామ్ తెరిచి ఉందో తెలియాలి, అక్షరాలు చదవరాకూడదు. మామూలు రోజు పాఠానికి అంత చాలు.

ఒక సంగతి గమనించండి. ఇలా ఆపినవి టీచర్ సిస్టమ్‌లోని మాస్టర్‌కే ఆగుతాయి. ప్రైవేట్ కీ ఉన్న ఇంకో మాస్టర్‌కు అవన్నీ అందుబాటులోనే ఉంటాయి. అందుకే 4వ మెట్టు అంత ముఖ్యం. టీచర్ రోజువారీ అకౌంట్ స్టాండర్డ్‌గా ఉండాలన్నది కూడా ఇందుకే. అడ్మిన్ పాస్‌వర్డ్ ఉంటే తీసిన బటన్‌లు నిమిషంలో తిరిగొస్తాయి.

7. దరఖాస్తుల కోసం కనపడని అకౌంట్

మన బడుల్లో, కాలేజీల్లో ల్యాబ్ అంటే పాఠం ఒక్కటే కాదు. ఈఏపీసెట్ దరఖాస్తు, తెలంగాణలో ఈపాస్ స్కాలర్‌షిప్, ఆంధ్రలో జ్ఞానభూమి, డిజీలాకర్, అన్నీ అక్కడే. ఆధార్ నంబర్, కుల ధృవీకరణ, కుటుంబ ఆదాయం, బ్యాంకు ఖాతా ఒకే సాయంత్రం ఒకే స్క్రీన్ మీదికి వస్తాయి. ఆ సమయంలో గడులు తెరిచి ఉండకూడదు. టీచర్ గుర్తుపెట్టుకుని మూస్తారులే అనుకుంటే అది జరగదు, సిస్టమే ఆపాలి.

అ. పిల్లల సిస్టమ్‌లలో "దరఖాస్తు" పేరుతో ఇంకో స్టాండర్డ్ అకౌంట్, ఆ ఒక్క అకౌంట్ ఉండే ఒక గ్రూపు పెట్టండి. పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉండాలి.

ఆ. కాన్ఫిగరేటర్‌లో "యాక్సెస్ కంట్రోల్" పేజీలో రూల్స్ ప్రకారం అనుమతించే ఎంపిక పెట్టండి.

ఇ. మొదటి రూల్: ఆ సిస్టమ్‌లో కూర్చున్న యూజర్ ఆ గ్రూపు సభ్యుడైతే, యాక్సెస్ నిరాకరించు.

ఈ. రెండో రూల్: షరతులు చూడకుండా ఎప్పుడూ వర్తించేలా, యాక్సెస్ ఇవ్వు.

ఉ. "టెస్ట్" బటన్‌తో రెండు రకాల యూజర్లనూ పరీక్షించండి.

రూల్స్‌ను పై నుంచి కిందికి చూస్తుంది, మొదట సరిపోయినదే చెల్లుతుంది. వరస తిరగబడితే నిరాకరించే రూల్ దాకా రాదు. రెండో రూల్ మర్చిపోతే ఏదీ సరిపోక మామూలు క్లాసులో కూడా అన్ని గడులూ మూసుకుపోతాయి. యూజర్ షరతులో "చూసే యూజర్" కాకుండా "లోకల్ యూజర్" ఎంచుకున్నారా అన్నది కూడా చూడండి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

ఈ రూల్స్ పని చేసేది పిల్లల సిస్టమ్‌లో. టీచర్ సిస్టమ్‌లో మాత్రమే పెడితే ఫలితం లేదు. ఒక సిస్టమ్‌లో అన్నీ సరిచేసి, ఫైల్ మెనూ నుంచి సెట్టింగ్స్‌ను జేసన్ ఫైల్‌గా దాచి, మిగతా వాటిలో లోడ్ చేసి అప్లై నొక్కండి. కీలు ఈ ఫైల్‌లో రావు, వాటిని విడిగా ఎక్కించాల్సిందే. గ్రూపు కూడా ప్రతి సిస్టమ్‌లో ఉండాలి.

వేయాన్ ఆపినంత మాత్రాన ఆ అకౌంట్ భద్రం కాదు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో మిగిలిపోయిన ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉందని ధీమా పడొద్దు: పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. తోటి పిల్లలకు రెండూ తెలుసు. దరఖాస్తు పూర్తవగానే:

☐ సైట్‌లో లాగ్ అవుట్, బ్రౌజర్ మూయడం
☐ డౌన్‌లోడ్స్, డెస్క్‌టాప్ ఖాళీ చేయడం
☐ రీసైకిల్ బిన్ ఖాళీ చేయడం
☐ ప్రింటర్ దగ్గర మిగిలిన కాగితాలు తీసుకోవడం
☐ సైన్ అవుట్

8. గోడ మీద, ఇంటికి పంపే మాట

కింది మాటలను మార్చుకుని వాడుకోవచ్చు. ల్యాబ్ గోడకు అంటించండి, తల్లిదండ్రుల సమావేశంలో చదివి వినిపించండి.

"ఈ ల్యాబ్‌లో క్లాసు జరుగుతున్నంతసేపు మీ స్క్రీన్ టీచర్‌కు కనపడుతుంది. టీచర్ మీ స్క్రీన్ లాక్ చేయగలరు, మెసేజ్ పంపగలరు. మీరు కొట్టే అక్షరాలు రికార్డు కావు. కెమెరా తెరవం. స్క్రీన్ ఫోటోలు తీయం. ఆధార్, బ్యాంకు, దరఖాస్తుల పని ఉంటే 'దరఖాస్తు' అకౌంట్ అడగండి, అది టీచర్‌కు కనపడదు. ఇబ్బంది ఉంటే హెడ్‌మాస్టర్‌కు చెప్పండి."

ఇందులో రాసిన ప్రతి వాక్యం మీ ల్యాబ్‌లో నిజమయ్యాకే అంటించండి.

9. క్లాసులో పని వరస

ప్రొజెక్టర్ ముందు, మాస్టర్ తర్వాత. విండోస్ కీతో పాటు పీ నొక్కి "ఎక్స్‌టెండ్" లేదా "పీసీ స్క్రీన్ ఓన్లీ" ఎంచుకున్నాకే మాస్టర్ తెరవండి. "డూప్లికేట్" ఉంటే ముప్పై స్క్రీన్‌లూ గోడ మీద సినిమాలా పడతాయి, టీచర్ ఒక్కరికి చూపాల్సింది క్లాసు మొత్తానికి కనపడుతుంది. అన్ని జాగ్రత్తలూ తీసుకున్న ల్యాబ్‌లో కూడా గోప్యత ఇక్కడ జారిపోవచ్చు.

మీ స్క్రీన్ డెమో ఇచ్చే ముందు వాట్సాప్ వెబ్ మూసేయండి, నోటిఫికేషన్‌లు ఆపండి. మార్కుల ఎక్సెల్ తెరిచి ఉందేమో చూడండి.

ఒక పిల్లవాడి స్క్రీన్‌ను క్లాసుకంతా చూపే డెమో కూడా ఉంది. అడిగి, వాడు సరేనన్నాకే వాడండి. తప్పు చేసినవాడి స్క్రీన్‌ను అందరికీ చూపించడం పాఠం కాదు.

ఎవరైనా గేమ్ తెరిస్తే ఆ ఒక్క సిస్టమ్‌కు మెసేజ్ పంపండి. రెండోసారికి దగ్గరికి వెళ్ళండి. లాక్ మూడోసారికి.

సొంత సంగతి ఏదైనా కంటపడితే, అంటే ఇంటి గొడవ మెయిలో, ఒంటి బాధ గురించిన వెతుకులాటో అయితే, గడి మూసేయండి. ఫోన్‌తో ఫోటో తీయొద్దు, స్టాఫ్ గ్రూపులో పెట్టొద్దు. ప్రాణానికి ప్రమాదం ఉందనిపించే మాటలైతే దాచకూడదు. హెడ్‌మాస్టర్‌కు నోటితో చెప్పి, పిల్లతో నెమ్మదిగా మాట్లాడి, ఇంటివాళ్ళను పిలవండి. మానసిక సాయానికి టెలీ మానస్ 14416, పిల్లల రక్షణకు 1098 ఉన్నాయి. లైంగిక వేధింపు జాడ కనపడితే పోలీసులకు తెలపడం పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తప్పనిసరి. ప్రమాదం ఇంటివాళ్ళ నుంచే అనిపిస్తే వాళ్ళకు ముందు చెప్పకండి.

పీరియడ్ అయ్యాక మాస్టర్ మూసి, విండోస్ కీతో ఎల్ నొక్కి సిస్టమ్ లాక్ చేయండి. రిమోట్ వ్యూ తెరవాల్సి వచ్చిన రోజు ఒక రిజిస్టర్‌లో తేదీ, పీరియడ్, సిస్టమ్ నంబర్, కారణం, సంతకం రాయండి. పిల్లల పేరు అక్కర్లేదు.

10. పని చేయకపోతే

గడి బూడిద రంగులోనే ఉంది. సిస్టమ్ స్లీప్‌లో ఉందేమో చూడండి. తర్వాత టీచర్ సిస్టమ్ నుంచి దాని ఐపీకి పింగ్ చేయండి (కమాండ్ ప్రాంప్ట్‌లో ping అని కొట్టి పక్కన ఐపీ రాస్తే జవాబు వస్తుందో లేదో తెలుస్తుంది). పింగ్ వస్తే పిల్లల సిస్టమ్ ఫైర్‌వాల్‌లో 11100 పోర్ట్ తెరిచి ఉందో లేదో చూడండి. వైఫై ల్యాబ్ అయితే యాక్సెస్ పాయింట్‌లో క్లయింట్ ఐసొలేషన్ ఆన్‌లో ఉండొచ్చు. అది ఉంటే ఒక సిస్టమ్‌కు ఇంకొకటి కనపడదు.

అథెంటికేషన్ విఫలం. పబ్లిక్ కీ దిగుమతి కాలేదు, లేదా పేరు తేడా, లేదా టీచర్ సైన్ అవుట్ చేసి రాలేదు. ఈ వరసలోనే చూడండి. కుదరడం లేదని యాక్సెస్ గ్రూపును "ఎవ్రీవన్"కు మార్చేవారున్నారు. ఆ పని మాత్రం చేయొద్దు.

గడులు వస్తున్నాయి, డెమో రావడం లేదు. టీచర్ సిస్టమ్ ఫైర్‌వాల్‌లో 11400 పోర్ట్ మూసి ఉంది.

అంతా నత్తనడక. పాత 100 ఎంబీపీఎస్ స్విచ్ కావొచ్చు. మాస్టర్ సెట్టింగ్స్‌లో గడులు మారే వ్యవధిని అయిదు సెకన్లకు పెంచండి. నెట్‌వర్క్ తేలికపడుతుంది, రెప్పవేయని చూపు కూడా తగ్గుతుంది.

యాంటీవైరస్ పట్టుకుంది. వేయాన్ ఫోల్డర్‌ను మాత్రమే మినహాయించండి. యాంటీవైరస్‌ను ఆపేయకండి.

11. డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్ అయితే

కొనే ముందు అమ్మకందారును ఇవి అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోండి.

☐ డేటా ఎక్కడికి పోతుంది, ఎన్ని రోజులుంటుంది?
☐ కీ లాగింగ్ (కొట్టిన కీలను రాసిపెట్టడం), వెబ్‌క్యామ్, మైక్ ఉన్నాయా? పూర్తిగా తీసేయొచ్చా?
☐ బడి వేళల తర్వాత దానంతట అదే ఆగుతుందా?
☐ మీ కంపెనీ సిబ్బంది పిల్లల స్క్రీన్ చూడగలరా?
☐ ఒప్పందం ముగిశాక డేటా చెరిపినట్టు రాసిస్తారా?

వెబ్‌క్యామ్ ప్రశ్న ఊరికే పెట్టలేదు. అమెరికాలో పెన్సిల్వేనియాలోని లోయర్ మెరియన్ స్కూల్ డిస్ట్రిక్ట్ (అక్కడి ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) పిల్లలకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చింది. పోయిన ల్యాప్‌టాప్‌లను వెతకడానికని వాటిలో పెట్టిన ఫీచర్ ఇళ్ళలో ఉన్న పిల్లల ఫోటోలు తీసింది. 2010లో కేసులు పడి, 6,10,000 డాలర్లతో రాజీ కుదిరింది. ఫీచర్ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఆన్ అవుతుంది.

బడి ఇచ్చిన గూగుల్ అకౌంట్‌తో ఇంకో చిక్కుంది. అమెరికాలో బడి ఇచ్చే క్రోమ్‌బుక్‌లు (గూగుల్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే ల్యాప్‌టాప్‌లు) వాడే తెలుగు పిల్లల ఇళ్ళలో ఇది ఎదురుకావొచ్చు, ఇక్కడా కావొచ్చు. ఇంటి కంప్యూటర్‌లో క్రోమ్‌కు బడి అకౌంట్‌తో సైన్ ఇన్ చేస్తే, బడి పెట్టిన పాలసీలు, మానిటరింగ్ ఎక్స్‌టెన్షన్‌లు ఆ ప్రొఫైల్‌లోకి వచ్చేస్తాయి. క్రోమ్ మెనూ అడుగున బ్రౌజర్‌ను సంస్థ నిర్వహిస్తోందని ఒక లైన్ కనపడితే వచ్చినట్టే. బడి అకౌంట్‌కు వేరే క్రోమ్ ప్రొఫైల్ పెట్టి, హోంవర్క్ అవగానే ఆ విండో మూయించండి. అమ్మానాన్నల బ్యాంకు పని ఆ ప్రొఫైల్‌లో చేయొద్దు. అమెరికాలో ఉన్నవారు ఫెర్పా అనే విద్యా రికార్డుల గోప్యత చట్టం కింద బడి దగ్గరున్న తమ పిల్లల విద్యా రికార్డులు చూపమని అడగొచ్చు. బడి 45 రోజుల్లోగా చూపాలి.

12. టీచర్ మారినప్పుడు, ఏడాది మారినప్పుడు

టీచర్ బదిలీ అయినా, మానేసినా ఆ రోజే గ్రూపు నుంచి అకౌంట్ తీసేయండి. ఆ టీచర్‌కు అడ్మిన్ పాస్‌వర్డ్ తెలిసి ఉంటే కీ జత కూడా మార్చాల్సిందే. తెలియకపోయినా ప్రతి జూన్‌లో, బడి తెరిచే ముందు, కొత్త కీ జత చేయడం మంచి అలవాటు.

నెలకోసారి పది నిమిషాలు:

☐ 7వ మెట్టు పరీక్ష: "దరఖాస్తు" అకౌంట్‌తో ఒక సిస్టమ్‌లో కూర్చోండి, టీచర్ సిస్టమ్‌లో ఆ గడి ఖాళీగా ఉండాలి.
☐ మాస్టర్‌లో తీసిన బటన్‌లు మళ్ళీ కనపడుతున్నాయా?
☐ పిల్లల సిస్టమ్‌లలో ట్రే ఐకాన్ ఉందా?
☐ స్టిక్కర్ పేరు, గడి పేరు ఒకటేనా? రెండు మూడు సిస్టమ్‌లకు మెసేజ్ పంపి చూడండి.
☐ రిజిస్టర్‌లో ఒకే సిస్టమ్ నంబర్ పదేపదే వస్తోందా? వస్తే హెడ్‌మాస్టర్ ఆ టీచర్‌తో కారణం మాట్లాడాలి.

వేయాన్ కొత్త వెర్షన్ వేసిన రోజున ఈ అయిదూ తప్పకుండా మళ్ళీ చూడండి.